ఐజ్వాల్ గెలిచిన ఏడాది

(సికింద్రాబాద్‌లో పిల్లల వేసవి ఫుట్‌బాల్ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలందరూ నీళ్ళు తాగారా? తాగనివాళ్ళు వెళ్ళి తాగొచ్చి కూర్చోండి, నేను ఆగుతాను. మే నెల ఎండలో రెండు గంటలు పరిగెత్తినవాళ్ళకి ఉపన్యాసం చెప్పడం నాకు మనసొప్పదు. కానీ చెప్పాల్సిన కథ ఒకటి నా దగ్గర చాన్నాళ్ళుగా ఉంది. అందుకే వచ్చాను.

ముప్పై ఏళ్ళు నేను బడుల్లో పీఈటీగా పనిచేశాను. ఆ ముప్పై ఏళ్ళూ తల్లిదండ్రులు నన్ను ఒకే మాట అడిగారు. "సార్, మావాడు బాగానే ఆడుతున్నాడు. ఆడుకుంటూ పోతే ఎక్కడిదాకా వెళ్తాడు?" ఇవాళ పొద్దున గేటు దగ్గర ఒక అమ్మ కూడా అదే అడిగింది. అమ్మా, మీరు ఇక్కడే ఉన్నారు కదా, మీకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను. 2016-17లో మన దేశంలో జరిగిన ఒక ఫుట్‌బాల్ సీజన్ గురించి చెప్తాను, వినండి.

అప్పట్లో మన దేశంలో అన్నిటికన్నా పై మెట్టు లీగ్ ఐ-లీగ్. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌గా మొదలైంది, 2007 నుంచి ఐ-లీగ్ అన్నారు. ఆ ఏడాది అందులో పది జట్లు. ప్రతి జట్టూ మిగిలిన తొమ్మిది జట్లతో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి సొంతూళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. మొత్తం పద్దెనిమిది మ్యాచ్‌లు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. మనకి ఐపీఎల్ అలవాటు కదా, చివర్లో ప్లేఆఫ్‌లు, ఫైనల్ ఉంటాయనుకుంటాం. ఇక్కడ అవేవీ లేవు. పద్దెనిమిదో మ్యాచ్ అయ్యేసరికి పట్టికలో పైన ఎవరుంటే వాళ్ళదే కప్పు. ఒక్క రోజు ఆడి గెలిచే ఆట కాదు. జనవరిలో వదిలేసిన ఒక పాయింటు ఏప్రిల్లో వచ్చి మెడ పట్టుకుంటుంది.

అప్పటిదాకా ఆ కప్పు ఎవరిళ్ళలో తిరిగిందో చూడండి. గోవా, కోల్‌కతా, పంజాబ్, ముంబై, బెంగళూరు. అంతే. ఈశాన్య రాష్ట్రాల క్లబ్ ఒక్కటీ లేదు. మన క్లబ్బూ లేదనుకోండి, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మిజోరం ఎక్కడుందో చెప్పండి, ఎవరైనా? ఆ, అవును, బర్మా పక్కన, బంగ్లాదేశ్ పక్కన. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం జనాభా పదకొండు లక్షలు. మన జంటనగరాల్లో నాలుగైదు పేటలు కలిపితే అంతమంది ఉంటారు. రాజధాని ఐజ్వాల్ కొండ మీద ఊరు. ఇళ్ళన్నీ వాలు మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అక్కడ చదునైన నేల దొరకడమే గగనం. అలాంటి చోట ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉందంటే, ఎవరో కావాలనుకుని కొండని చదును చేస్తేనే ఉంది. నాకు ఆ ఊరి మీద గౌరవం అక్కడే మొదలైంది.

అక్కడ ఆడే పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. లేనిదల్లా ఆడటానికి ఒక లీగ్. బాగా ఆడినవాడు సామాను సర్దుకుని కోల్‌కతా వెళ్ళాల్సిందే. షైలో మల్సామ్‌త్లువాంగా అని ఒకతను ఈస్ట్ బెంగాల్‌కి ఆడి పేరు తెచ్చుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. తర్వాత జేజే లాల్‌పెఖ్‌లువా మన దేశం జట్టుకి సెంటర్ ఫార్వర్డ్ అయ్యాడు. 2012లో వాళ్ళు మిజోరం ప్రీమియర్ లీగ్ అని సొంత లీగ్ పెట్టుకున్నారు. అక్కడి కేబుల్ టీవీ వాళ్ళే ఆ మ్యాచ్‌లు ఇంటింటికీ చూపించారు. ఊళ్ళో పేటకీ పేటకీ మధ్య జరిగే మ్యాచ్ టీవీలో వస్తుంటే, ఆ పిల్లవాడి తల్లి, మేనమామ, బడి పంతులు అందరూ చూస్తారు కదా. పిల్లవాడికి వేరే ప్రోత్సాహం ఏం కావాలి?

లీగ్ పెట్టిన రెండేళ్ళకి, 2014లో, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని మిజోరం గెలిచింది. 2015లో ఐజ్వాల్ ఎఫ్‌సీ రెండో డివిజన్ గెలిచి ఐ-లీగ్‌లోకి వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు ఊరి లీగ్, తర్వాత రాష్ట్రం జట్టు, ఆ తర్వాత క్లబ్.

ఐ-లీగ్‌లో మొదటి ఏడాదే కింద పడ్డారు. 2015-16లో తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం. అంటే తిరిగి రెండో డివిజన్‌కి. అదే ఏడాది క్లబ్బుల మధ్య జరిగే ఫెడరేషన్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్ళి, గువాహటిలో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ చేతిలో 5-0తో ఓడిపోయారు. బాగా ఆడగలరు, కానీ నిలబడలేరు అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు గోవాలో ఒక సంగతి జరిగింది. డెంపో, సల్‌గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా, మూడూ పాత క్లబ్బులు, డెంపో అయితే అయిదుసార్లు దేశ విజేత. ఈ మూడూ జాతీయ లీగ్ నుంచి తప్పుకున్నాయి. ఎందుకంటే ఐ-లీగ్‌ని కిందికి దించి, 2014లో పుట్టిన ఇండియన్ సూపర్ లీగ్‌ని పై మెట్టు చేయాలని మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆలోచన. ఐఎస్‌ఎల్‌లో జట్టు కావాలంటే అప్పట్లో పట్టికలో గెలిచి రానక్కర్లేదు, డబ్బు కట్టి ఫ్రాంచైజీ తీసుకోవాలి. మేం ఏళ్ళ తరబడి సంపాదించుకున్న స్థానానికి విలువేముందని గోవా వాళ్ళు అడిగారు, వెళ్ళిపోయారు. అలా జట్లు తగ్గిపోతే, కింద పడిన ఐజ్వాల్‌ని మళ్ళీ లోపలికి తీసుకున్నారు. తలుపు మూస్తారేమోనని ఒకరు బయటికి వెళ్తుంటే, అదే తలుపులోంచి ఇంకొకరు లోపలికి వచ్చారు.

కోచ్‌గా ఖాలిద్ జమీల్ వచ్చాడు. కువైట్‌లో పుట్టిన మనిషి, ముంబైలో ఆడాడు, మోకాలు దెబ్బతిన్నాక కోచింగ్‌లోకి వచ్చాడు. ముంబై ఎఫ్‌సీని ఏడేళ్ళు నడిపాడు. తక్కువ డబ్బుతో ఏటా జట్టుని పడిపోకుండా కాపాడటమే అక్కడ ఆయన పని. ఆ పని బాగానే చేశాడు, అయినా 2016లో వద్దనుకున్నారు. ఆయన్ని నమ్మి కొందరు ముంబై ఆటగాళ్ళు ఐజ్వాల్ కొండెక్కారు. అశుతోష్ మెహతా, జయేశ్ రాణే వాళ్ళల్లో ఉన్నారు. సిరియా నుంచి మహమూద్ అల్ అమ్నా అనే మిడ్‌ఫీల్డర్, సొంత దేశం యుద్ధంలో కాలిపోతున్న రోజులవి. లైబీరియా నుంచి ఆల్‌ఫ్రెడ్ జర్యాన్, ఐవరీ కోస్ట్ నుంచి కామో బాయి. గోల్‌లో గోవా కుర్రాడు ఆల్బినో గోమ్స్. మిగతా అంతా మిజో పిల్లలే. లాల్‌రువాత్తారా, లాల్‌రామ్ చుల్లోవా, బ్రాండన్, జోమింగ్లియానా. ఈ పేర్లు నోటికి రావడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఇప్పటికీ సరిగ్గా పలుకుతున్నానో లేదో, మిజో మిత్రులు ఎవరైనా వింటుంటే మన్నించాలి.

జనవరి 7న మొదటి మ్యాచ్, కోల్‌కతా దగ్గర బరాసాత్‌లో ఈస్ట్ బెంగాల్ మీద. 1-1 డ్రా. పేపర్లో ఒక మూల చిన్న వార్త. ఆ తర్వాత వారం వారం నేను పట్టిక చూస్తూ వచ్చాను. వీళ్ళు కిందికి దిగడం లేదు. సొంతూళ్ళో, ముయాల్‌పుయీలోని రాజీవ్ గాంధీ స్టేడియంలో, సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కృత్రిమ గడ్డి, కొండ గాలి, చుట్టూ జనం. బయటి జట్లకి అక్కడ ఊపిరి ఆడేది కాదు. ఖాలిద్ ఆట చూడ్డానికి సోకుగా ఉండదు. వెనక అందరూ దగ్గర దగ్గరగా నిలబడతారు, ప్రత్యర్థికి ఖాళీ ఇవ్వరు, బంతి చిక్కగానే రెక్కల మీదుగా పరుగు. డిఫెన్స్ ఆడే పిల్లలు కొంచెం ఇటు చూడండి. మీకెవరూ చప్పట్లు కొట్టరు, నాకు తెలుసు. ఆ ఏడాది లీగ్‌ని మీలాంటివాళ్ళే గెలిచారు.

పదహారు మ్యాచ్‌లు అయ్యేసరికి ఐజ్వాల్‌కి 33 పాయింట్లు, మోహన్ బగాన్‌కి 33 పాయింట్లు. పదిహేడో మ్యాచ్‌లో ఆ ఇద్దరే ఎదురుపడాలి, ఐజ్వాల్‌లో. ఏప్రిల్ 22, శనివారం. బగాన్ అంటే 1889లో పుట్టిన క్లబ్. సోనీ నోర్డే, డారిల్ డఫీ లాంటి విదేశీయులున్నారు. మిజో బిడ్డ జేజే కూడా ఆ ఏడాది బగాన్ వైపే. సొంత రాష్ట్రం మీద సొంత రాష్ట్రంలోనే ఆడాల్సి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. డ్రా అయితే ఇద్దరూ సమానంగా చివరి రోజుకి వెళ్తారు. 83వ నిమిషంలో గోల్ పడింది. కొట్టింది కామో కాదు, అల్ అమ్నా కాదు. సెంటర్ బ్యాక్ జోమింగ్లియానా రాల్తే. గోల్ ఆపడమే పనిగా ఉన్న కుర్రాడు ఆ ఏడాదికల్లా విలువైన గోల్ కొట్టాడు. 1-0. ఐజ్వాల్ 36, బగాన్ 33.

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్, డ్రా చాలు. ఏప్రిల్ 30, ఆదివారం, షిల్లాంగ్‌లో. ఎదురుగా షిల్లాంగ్ లాజాంగ్, వాళ్ళూ ఈశాన్యం వాళ్ళే. అదే సమయానికి కోల్‌కతాలో బగాన్, చెన్నై సిటీతో ఆడుతోంది. ఇంట్లో టీవీలో ఒక మ్యాచ్, చేతిలో ఫోన్‌లో రెండో దాని స్కోరు, అలా కూర్చున్నాను నేను. భోజనానికి పిలిస్తే వెళ్ళలేదు. తొమ్మిదో నిమిషంలోనే లాజాంగ్ గోల్ కొట్టింది. కొట్టినవాడు కామెరూన్ ఫార్వర్డ్ దిపాండా. ఆ ఏడాది లీగ్‌లో 11 గోల్స్‌తో అందరికన్నా పైన ఉన్నవాడు. ఈశాన్యం వాళ్ళే కదా, చూసీ చూడనట్టు ఆడతారేమో అని ఎవరైనా అనుకుని ఉంటే, ఆ గోల్‌తో వాళ్ళకి జవాబు దొరికింది. లాజాంగ్ నిజాయతీగా ఆడింది. ఆ రోజుకి ఆ గౌరవం వాళ్ళ వల్ల వచ్చింది.

హాఫ్ టైమ్‌కి 1-0 వెనక. గంట దాటినా 1-0 వెనక. ఐజ్వాల్ నుంచి కొండదారుల్లో ప్రయాణం చేసి వచ్చిన అభిమానులు స్టాండ్స్‌లో లేచి నిలబడే ఉన్నారు. 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా, మిజో కుర్రాడే, బంతిని వలలోకి కొట్టాడు. 1-1. అక్కడి నుంచి ఇరవై మూడు నిమిషాలు, ఆపైన అదనపు సమయం. ఆటలో అన్నిటికన్నా పొడవైన ఇరవై మూడు నిమిషాలు అవి. కోల్‌కతాలో బగాన్ 2-1తో గెలిచింది, ఫోన్‌లో చూశాను. అంటే ఇక్కడ ఇంకో గోల్ తింటే మొత్తం పోతుంది. తినలేదు. విజిల్ మోగింది. ఐజ్వాల్ 37, మోహన్ బగాన్ 36. ఒక్క పాయింటు.

పదకొండు గెలుపులు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. బరాసాత్‌లో జనవరి 7న ఆ మొదటి డ్రా ఉంది చూడండి, పేపర్లో మూల పడ్డ వార్త, అది ఓటమి అయ్యుంటే 36కి 36. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో.

ఖాలిద్‌ని వద్దనుకున్న ముంబై ఎఫ్‌సీ అదే సీజన్‌లో అట్టడుగున, పదో స్థానంలో ఉండి లీగ్ నుంచి పడిపోయింది. ఆ ఆటగాళ్ళ గురించి నాకు బాధే ఉంది, సంతోషం లేదు.

ఇక మన ఊరి సంగతి. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్‌కి ఇచ్చే పురస్కారం ఒకటుండేది, ఆ ఏడాది ఖాలిద్ జమీల్‌కి వచ్చింది. దాని పేరు సయ్యద్ అబ్దుల్ రహీం పురస్కారం. రహీం సాబ్ మనవాడు, బడి పంతులు, నా వృత్తి వాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు, అప్పట్లో ముంబైలో జరిగిన రోవర్స్ కప్ గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు, మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయాడు. ఆ మెల్‌బోర్న్ జట్టులో మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. అమ్ముగూడ ఇక్కడికి ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. బలరాం ఏం చేశాడు? కోల్‌కతా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 2023లో అక్కడే కన్నుమూశాడు. మిజో పిల్లలు 2000లలో చేసిన ప్రయాణమే మన పిల్లలు 1950లలో చేశారు. తేడా ఏంటంటే, వాళ్ళు పదేళ్ళలో సొంత లీగ్ కట్టుకున్నారు. దేశానికి జాతీయ లీగ్ వచ్చేసరికి మన పోలీస్ జట్టు రోజులు అయిపోయాయి.

2019లో మనకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఐఎస్‌ఎల్ ఫ్రాంచైజీ. మొదటి ఏడాది ఆఖరి స్థానం. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచాం. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి నేను కళ్ళు తుడుచుకున్నాను. కానీ కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన జట్టు ఆ ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఊరు చూడకుండా ఊరి జట్టు గెలిచింది. తర్వాత డబ్బు కష్టాలు వచ్చాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మూడేళ్ళ ముందు కప్పు ఎత్తిన జట్టు! నేను ఎవరినీ తిట్టడం లేదు. పైనుంచి దించిన జట్టుకి కింద పట్టుకోవడానికి వేరు లేదు, అంతే చెప్తున్నాను. ఇక్కడ మన దగ్గర మ్యాచ్‌లు ఆడిన ఇంకో క్లబ్, శ్రీనిధి డెక్కన్ మాత్రం వేరు. విశాఖలో 2015లో పిల్లల అకాడమీగా మొదలై, ఐ-లీగ్‌లో రెండేళ్ళు వరసగా రెండో స్థానంలో నిలిచింది. వాళ్ళ మ్యాచ్‌లకి మీలో ఎంతమంది వెళ్ళారు? చేతులెత్తండి. ఆరుగురు. సరే.

ఐజ్వాల్‌కి మాత్రం అంతా సవ్యంగా జరిగిందా అంటే, లేదు. గెలిచిన నెల తిరక్కుండానే, ఐఎస్‌ఎల్ పై మెట్టు అయితే దేశ విజేత కింది మెట్టులో ఆడాల్సి వస్తుందనే మాట మొదలైంది. క్లబ్ యజమాని రాబర్ట్ రొమావియా రాయ్‌తే ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. ఒక దేశ విజేత జట్టు యజమాని ఆకలితో కూర్చుంటానని బెదిరించాల్సి వచ్చింది, ఆలోచించండి. చివరికి 2017-18లో రెండు లీగ్‌లూ పక్కపక్కనే నడిచాయి. ఐఎస్‌ఎల్‌లో కొత్తగా రెండు జట్లని తీసుకున్నారు. ఒకటి బెంగళూరు, మంచి జట్టే, ఐ-లీగ్‌లో నాలుగో స్థానం. రెండోది జంషెడ్‌పూర్, అప్పటికి ఐ-లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడని జట్టు. రెండూ బిడ్డింగ్‌లో వచ్చాయి. పట్టికలో మొదటి స్థానం ఆ తలుపు తెరవలేకపోయింది. గోవా క్లబ్బులు భయపడింది సరిగ్గా దీనికే.

ఖాలిద్, అల్ అమ్నా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు, కామో బగాన్‌కి. మిగిలినవాళ్ళతోనే ఐజ్వాల్ 2018 జనవరిలో ఇరాన్ వెళ్ళి ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో జోబ్ ఆహన్ చేతిలో 3-1తో ఓడింది. ఓడినా, ఆ మ్యాచ్ ఆడే హక్కు వాళ్ళు సంపాదించుకున్నది. ఐ-లీగ్ విజేతకి ఐఎస్‌ఎల్‌లోకి దారి 2023లోగానీ తెరుచుకోలేదు, పంజాబ్ ఎఫ్‌సీతో. ఖాలిద్ 2025 ఆగస్టులో మన దేశం జట్టుకి కోచ్ అయ్యాడు. మరుసటి నెలలోనే మధ్య ఆసియా నేషన్స్ కప్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు.

అమ్మా, ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మీ బాబు ఎక్కడిదాకా వెళ్తాడో నేను చెప్పలేను. ఒకటి అడుగుతాను, పోయిన ఏడాది వాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు? టోర్నమెంట్లు కాదు, ఓడితే ఆ పూటే ఇంటికి పంపించేవి కాదు. ఓడిపోయాక వచ్చే వారం మళ్ళీ ఆడాల్సిన మ్యాచ్‌లు. నాలుగా, అయిదా? ఐజ్వాల్ పేటల్లో పిల్లవాడికి ఆ లెక్క చాలా పెద్దది.

అందుకే నిర్వాహకులతో మాట్లాడి ఒకటి అనుకున్నాం. ఈ శిబిరంలోని పిల్లలతో, చుట్టుపక్కల పేటల పిల్లలతో ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండేసి సార్లు, ఒకసారి వాళ్ళ పేట గ్రౌండ్‌లో, ఒకసారి వీళ్ళ పేటలో. జట్టుకి పది మ్యాచ్‌లు, జూన్ నుంచి వానాకాలం మొత్తం. ఫైనల్ ఉండదు. ఆ గోడ మీద నల్లరంగు వేయించాం, చూడండి, పాయింట్ల పట్టిక అక్కడ సుద్దతో రాస్తాం. వానకి చెరిగిపోతే మళ్ళీ రాస్తాం. తల్లిదండ్రుల్లో ఇద్దరు లెక్క చూసుకోవడానికి కావాలి, రెఫరీగా నిలబడటానికి ఇంకో ముగ్గురు, నేను ఎలాగూ ఉంటాను. పేర్లు ఇవ్వాల్సినవాళ్ళు ఇప్పుడే బల్ల దగ్గరికి రండి. మొదటి మ్యాచ్ జూన్ రెండో ఆదివారం, పొద్దున ఆరున్నరకి.